పాల దవడపన్ను లోతుగా పుచ్చితే: బెంగళూరులో దొరుకుతున్న వైద్యం మీద ఒక సమీక్ష

బెంగళూరులో పిల్లల పళ్ల క్లినిక్కులకు కొదవేమీ లేదు. మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ వైపు మనవాళ్లు ఎక్కువగా ఉండే రోడ్లలో నాలుగడుగులకో బోర్డు కనిపిస్తుంది. లోపల గోడల మీద చేపల బొమ్మలు, సీలింగ్‌కి టీవీ, వెళ్లేటప్పుడు చేతిలో ఒక బెలూను. ఆన్‌లైన్‌లో నక్షత్రాలన్నీ దాదాపు వీటికే పడుతుంటాయి. పిల్ల ఏడవకుండా కూర్చోవడానికి అవి పనికొస్తాయి, కాదనడం లేదు. పన్ను నిలబడటానికి మాత్రం చూడాల్సినవి వేరే మూడున్నాయి: పన్ను తెరవకముందు ఎక్స్‌రే, తెరిచినప్పుడు నోట్లో రబ్బరు డ్యాం (ఆ పంటి చుట్టూ బిగించే పల్చటి రబ్బరు గుడ్డ), మూసిన రోజే పంటి మీద తొడిగే క్యాపు. ఈ సమీక్షంతా ఆ మూడింటి చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఇంట్లో వినిపించే మాట. "ఎలాగూ ఊడిపోయే పన్నే కదా, అంత డబ్బెందుకు?" ముందు పళ్ల విషయంలో ఈ మాటలో కొంత న్యాయం ఉంది, అవి ఆరేడేళ్లకే కదలడం మొదలెడతాయి. దవడ పళ్ల సంగతి వేరు. మొదటి పాల దవడపన్ను 9 నుంచి 11 ఏళ్ల మధ్య, రెండోది 10 నుంచి 12 ఏళ్ల మధ్య ఊడుతుంది. నాలుగేళ్ల పిల్లకి రెండో దవడపన్ను పుచ్చిందంటే అది ఇంకా ఆరేడేళ్లు నమలాలి. పైగా ఆరేళ్లకి దాని వెనకనే శాశ్వత దవడపన్ను వస్తుంది. ముందున్న పాల పన్నును పీకేసి ఉంటే, ఆ కొత్త పన్ను ఖాళీలోకి ఒరిగిపోతుంది. కింద నుంచి రావాల్సిన పన్నుకి చోటు ఉండదు. ఆ తర్వాత క్లిప్పుల ఖర్చు చూస్తే ఈ క్యాపు ఖర్చు ఓ మూలకి రాదు.

పాల పన్ను అంత తొందరగా ఎందుకు లోతుకి పుచ్చుతుందంటే, దాని ఎనామిల్ పొర ఒక మిల్లీమీటరు లోపే, శాశ్వత పన్నులో ఉండేదాంట్లో సుమారు సగం. లోపల నరం గది మాత్రం పన్ను సైజుకి పెద్దది, దాని కొమ్ము ఒకటి పైదాకా పొడుచుకొచ్చి ఉంటుంది. రెండు దవడ పళ్లు ఒకదాన్నొకటి ఆనుకునే చోట మొదలైన పుచ్చు పైకి అసలు కనిపించదు. ఏ జంతికో కొరికినప్పుడు అంచు విరిగి రంధ్రం బయటపడేసరికి, చాలాసార్లు నరం అప్పటికే వాచి ఉంటుంది. చూడటానికి మిరియం గింజంత రంధ్రం. "ఫిల్లింగ్ చాలు కదా?" అని అడిగేది అందుకే, "చాలు" అనే జవాబు తప్పయ్యేదీ అందుకే.

కాబట్టి ఎక్స్‌రే లేకుండా ధర చెప్పేచోట కూర్చోనక్కర్లేదు. తీశాక స్క్రీను మీద చూపించమని అడగండి. పెద్దవాళ్ల పంటికి వేరు కొసన నల్లమచ్చ వెతుకుతారు. పాల దవడపంటికి ముందు చూడాల్సింది రెండు వేర్ల మధ్య గుర్రపు జీనులా ఉండే చోటు. నరం గది అడుగున సన్నటి దారులుంటాయి, చీము వాటిగుండా అక్కడికే దిగుతుంది. అక్కడ ఎముక తెల్లగా ఉంటే ఆశ ఉంది. నల్లబడి ఉంటే లోపల నరం చనిపోయి ఉండొచ్చు.

మీరు చెప్పే లక్షణాలకూ అంతే విలువుంది. చల్లటిదో తీపిదో తగిలి జివ్వుమని, తీసేయగానే పోతే నరం ఇంకా బతికే ఉందని లెక్క. ఏమీ తినకుండానే నొప్పి రావడం, రాత్రి నిద్రలోంచి ఏడుస్తూ లేవడం, చిగురు మీద చీము పొక్కు, పన్ను కదలడం చెడ్డ గుర్తులు. మధ్యలో ఒక మాయ ఉంది: మామిడి పీచో మాంసమో రెండు పళ్ల సందులో ఇరుక్కుని చిగురుని నొక్కితే పిల్ల అన్నం మధ్యలో కేకలు పెడుతుంది, బయటికి తీస్తే ఊరుకుంటుంది. అది నరం నొప్పి కాకపోవచ్చు. దీన్ని నరం నొప్పిగా లెక్కేసి రూట్ కెనాల్ దాకా వెళ్లిపోయే క్లినిక్కులున్నాయి, "తింటున్నప్పుడు మాత్రమేనా?" అని ఒక్క ప్రశ్న అడిగితే తేలిపోయేది.

ఇక వైద్యాల మీద మా అంచనా.

తక్కువ పేరున్నదీ, మేం ఎక్కువ మార్కులిచ్చేదీ ఒకటుంది: అడుగున కొంచెం పుచ్చు వదిలేసి మూసెయ్యడం. వినగానే ఎవరికైనా అనుమానం వస్తుంది. నరం బతికుండి, లక్షణాలు లేనప్పుడు, పుచ్చు చుట్టూ గోడలన్నీ గట్టి పన్ను తగిలేదాకా శుభ్రం చేసి, నరం మీద తోలులా ఉన్న చివరి పొరను మాత్రం గోకకుండా గ్లాస్ అయొనోమర్ సిమెంటుతో మూసి, పైన క్యాపు వేస్తారు. తిండి అందక లోపల మిగిలిన సూక్ష్మజీవులు చల్లబడతాయి, నరం తనంతట తాను గట్టి పొర కట్టుకుంటుంది. పన్నును మళ్లీ తెరవరు. గోడలు సరిగా శుభ్రం చేయకపోతే మాత్రం సిమెంటు అంచునుంచి ఊట లోపలికి దిగి మొత్తం పాడవుతుంది. బిల్లు తక్కువొచ్చే పద్ధతి కాబట్టి దీన్ని ముందుకు తెచ్చేవాళ్లు తక్కువ. తెచ్చిన డాక్టర్ని నమ్మొచ్చు.

నరం బయటపడితే పల్పాటమీ. సగం రూట్ కెనాల్ అంటారు చాలామంది. పై గదిలోని నరం తీసేసి, వేర్లలోని నరాన్ని బతికుంచడం. మంచి పల్పాటమీకీ చెడ్డదానికీ తేడా ఒక దూది ఉండ దగ్గర తేలుతుంది. గది పైకప్పు పూర్తిగా తీసి, నరాన్ని పదునైన చెంచాలాంటి పనిముట్టుతో తోడేసి, సెలైన్‌లో తడిపి పిండిన దూదిని వేరు నోళ్ల మీద అద్ది, గడియారం చూడాలి. సుమారు 5 నిమిషాల్లో రక్తం ఆగితే వేర్లలోని నరం ఆరోగ్యంగా ఉన్నట్టు. ముదురు రంగు రక్తం ఊరుతూనే ఉంటే వాపు కిందికి దిగినట్టు, అప్పుడు పూర్తి రూట్ కెనాలో, పీకడమో. దూది పొడిదైతే గడ్డకట్టిన రక్తం దానికే అంటుకుని, తీసేటప్పుడు గాయం మళ్లీ రేగుతుంది. పైకప్పు కింద నరం పీలికలు మిగిలినా కారుతూనే ఉంటుంది. ఈ రెండు పొరపాట్లలో ఏది జరిగినా బాగున్న పంటికి పెద్ద వైద్యం రాసేస్తారు. దీనికి విరుద్ధంగా, రక్తం ఆగకపోయినా మందు గట్టిగా అద్ది పైన మూసేసే తొందరపాటు ఇంకా చెడ్డది. ఆ పన్ను కొన్ని నెలల్లో చీము పొక్కుతో తిరిగొస్తుంది.

రక్తం ఆగాక వేసే మందు అడగాల్సిన విషయమే. ఎం.టి.ఎ. గానీ బయోడెంటిన్ గానీ అయితే సరే. రెండూ తడిలోనే గట్టిపడే కాల్షియం సిలికేటు సిమెంట్లు. ఎం.టి.ఎ. పూర్తిగా గట్టిపడటానికి రెండున్నర గంటలకు పైనే పడుతుంది, బయోడెంటిన్ 12 నిమిషాల్లో పట్టుకుంటుంది. కాళ్లాడించే నాలుగేళ్ల పిల్లాడి నోట్లో ఆ తేడా చిన్నది కాదు. ఎం.టి.ఎ. పన్నుకి బూడిద రంగు తెస్తుంది, స్టీలు క్యాపు కింద అది ఎవరికీ కనిపించదు. మందు 2 నుంచి 3 మిల్లీమీటర్ల మందం ఉండాలి. పాత ఫార్మోక్రెసాల్ ఇంకా కొన్ని చోట్ల వాడుతున్నారు. అందులో ఉండేది ఫార్మాల్డిహైడ్, దాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో క్యాన్సర్ కారకాల జాబితాలో పెట్టింది. దూదికి అద్దే మోతాదు చాలా తక్కువే, ఇదివరకే చేయించుకున్నవాళ్లు కంగారుపడనక్కర్లేదు. కొత్తగా డబ్బు పెట్టేటప్పుడు మాత్రం దానికి ఒప్పుకోవాల్సిన పని లేదు.

వేర్లలోని నరం కూడా పోతే పల్పెక్టమీ, అంటే పాల పంటికి పూర్తి రూట్ కెనాల్. ఇక్కడ ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలు: పాల పంటి వేరులో నింపేది వేరుతో పాటే కరిగిపోవాలి. కాల్షియం హైడ్రాక్సైడు, అయొడోఫాం కలిపిన మెటాపెక్స్ లాంటి పేస్టులు, లేదా జింక్ ఆక్సైడ్ యూజినాల్ నింపుతారు. జింక్ ఆక్సైడ్ వేరు కంటే నెమ్మదిగా కరుగుతుంది, కొసదాటి పోతే కింది పన్ను దారి మళ్లొచ్చు. పెద్దవాళ్లకి వాడే గట్టాపెర్చా పుల్లలు అసలు కరగవు. కింద శాశ్వత పన్ను మొలకే లేని అరుదైన పిల్లలకు తప్ప అవి పెట్టారంటే పాల పళ్ల పని తెలియని చేతిలో పడ్డట్టే. వేరు లోపల గీకి శుభ్రం చేసే సన్నటి పనిముట్టు ఫైలు. వేరు కొసకి 1 నుంచి 2 మిల్లీమీటర్ల ముందే దాన్ని ఆపాలి, ఆ కొస కిందే శాశ్వత పన్ను మొలక కూర్చుని ఉంటుంది. పిల్లల కోసం పొట్టిగా చేసిన తిరిగే ఫైళ్లు ఇప్పుడు బాగా దొరుకుతున్నాయి, వాటిలో కీడో-ఎస్ పక్కనున్న చెన్నైలో తయారైనదే. చేతి ఫైళ్ల కంటే సమయం మిగులుతుంది. పిల్లల వైద్యంలో మిగిలిన ప్రతి నిమిషమూ ఓపికే.

ఈ వైద్యాలన్నిట్లో రబ్బరు డ్యాం తప్పదు. పంటి మీద సాగదీసి బిగించే పల్చటి రబ్బరు గుడ్డ అది. లాలాజలంలోని సూక్ష్మజీవులు తెరిచిన నరం మీద పడకుండా, ఫైలు గొంతులోకి జారకుండా ఆపుతుంది. పిల్లలకు "పంటికి రెయిన్‌కోటు" అని చెప్తారు. "పిల్లలు ఒప్పుకోరండీ" అనే జవాబు చాలా చోట్ల వస్తుంది. తిమ్మిరి సరిగా ఎక్కితే ఎక్కువమంది ఒప్పుకుంటారు.

ఇక క్యాపు. నరం తీసిన పన్నుకి ఫిల్లింగ్‌తో సరిపెట్టేవాళ్లకి మా దగ్గర మార్కుల్లేవు. గోడలు పల్చబడిన పన్ను విరుగుతుంది, లేదా అంచు కారి లోపలికి పుచ్చు పాకుతుంది. తాత్కాలిక సిమెంటు పెట్టి "క్యాపుకి వచ్చే నెల రండి" అన్నా అదే కథ.

స్టీలు క్యాపు 1950 నుంచి ఉన్న సరుకు, ఇప్పటికీ వెనక పళ్లకి దాన్ని మించింది లేదు. ముందే అచ్చు పోసిన డబ్బాలో ఒక్కో పంటికి 2 నుంచి 7 దాకా సైజులుంటాయి. పంటి పైభాగం 1 నుంచి 1.5 మిల్లీమీటర్లు తగ్గించి, పక్క పళ్లను ఆనుకునే వైపులు సన్నగా అరగదీసి, క్యాపును ఒక పక్క నుంచి రెండో పక్కకు వాల్చి నొక్కితే టక్కుమని శబ్దం రావాలి. ఆ శబ్దం రాకుండా జారిపోయేలా కూర్చుంటే సైజు పెద్దది, లేదా అంచు ప్లయర్‌తో లోపలికి వంచలేదు. అంచు చిగురు కిందికి మిల్లీమీటరు దిగుతుంది, చిగురు కాసేపు తెల్లబడుతుంది, అది మామూలే. సిమెంటు గట్టిపడుతున్నప్పుడు దంతాల దారానికి మధ్యలో ఒక ముడి వేసి, సందులోకి దించి పక్కకి లాగుతారు, ముడి మిగులు సిమెంటును పట్టుకొచ్చేస్తుంది. ఈ ముడి వేయకపోతే సిమెంటు ముక్క చిగురులో ఉండిపోయి, వారం తర్వాత "క్యాపు దగ్గర వాచింది" అని మళ్లీ పరుగు. ముడి వేసిన దారం కనబడిందంటే ఆ చెయ్యి అలవాటైన చెయ్యి.

కొత్త క్యాపుతో కొరుకు కాస్త ఎత్తుగా అనిపిస్తుంది, కొన్ని వారాల్లో పళ్లు సర్దుకుంటాయి. స్టీలులో నికెల్ ఉంటుంది, ఇమిటేషన్ కమ్మలు పెట్టుకుంటే చెవులు పుండ్లు పడే పిల్లలుంటే ముందే చెప్పాలి.

తెల్ల జిర్కోనియా క్యాపు చూడటానికి బాగుంటుంది, ధర కొన్ని రెట్లు. ముందు పళ్లకి కొంటే అర్థముంది. దవడపంటికి అంత లాభసాటి కాదు: దాన్ని వంచి బిగించలేరు, వదులుగా కూర్చునేలా పన్నును ఇంకా ఎక్కువ అరగదీయాలి, అంటే నరానికి ఇంకా దగ్గరవ్వాలి. పైగా చిగురు నుంచి ఒక చుక్క రక్తం తగిలినా సిమెంటు పట్టు దెబ్బతింటుంది. నవ్వితే కనిపించని పంటికి ఇంత ప్రమాదం ఎందుకో మాకైతే అర్థం కాదు.

నరం దాకా పుచ్చు రాకముందే, నొప్పి లేని దవడపంటికి హాల్ పద్ధతి అడగండి. స్కాట్లాండ్‌లో నోర్నా హాల్ అనే దంతవైద్యురాలి పేరుతో వచ్చింది. సూదీ లేదు, డ్రిల్లూ లేదు. ముందు వారం పళ్ల సందుల్లో చిన్న రబ్బరు ఉంగరాలు పెట్టి, 3 నుంచి 5 రోజుల తర్వాత తీసి, సిమెంటు నింపిన స్టీలు క్యాపును పుచ్చు మీదే నొక్కేస్తారు. ఎక్స్‌రేలో పుచ్చుకీ నరానికీ మధ్య స్పష్టమైన తెల్ల పట్టీ కనిపించాలి, అదే షరతు. సిల్వర్ డయామీన్ ఫ్లోరైడు చుక్క కూడా ఇలాంటి పనిమంతురాలే. 38 శాతం ద్రవం పుచ్చును ఆపుతుంది, బదులుగా దాన్ని బొగ్గులా నల్లగా చేస్తుంది. నరం వాచిన పంటికి ఈ రెండూ పనికిరావు.

మొత్తం సేవలో బెంగళూరుకి ప్రత్యేకమైన లోటు భాషది. పిల్లల వైద్యంలో సగం మాటలే: చెప్పి, చూపించి, ఆ తర్వాతే చెయ్యాలి. ఇంట్లో తెలుగే వినే మూడున్నరేళ్ల పిల్లకి అసిస్టెంటు ప్రేమగానే "బాయి తెగి" అంటుంది. కన్నడంలో నోరు తెరువు అని. మన పిల్ల చెవికి అందులో తెగడమే వినిపిస్తుంది. బుక్ చేసేటప్పుడే తెలుగు వచ్చినవాళ్లెవరైనా ఉన్నారా అని అడగండి, ఈ ఊళ్లో దొరకడం కష్టం కాదు. ఇంట్లో మీరు "సూది", "నొప్పి ఉండదులే" అనే మాటలు ఎత్తకండి. పన్నుని నిద్రపుచ్చుతారని చెప్తే చాలు.

తిమ్మిరి మందుకూ లెక్కుంది. 2 శాతం లిగ్నోకైన్‌లో ఒక్కో మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములు. కిలోకి 4.4 మిల్లీగ్రాములు దాటకూడదు, అంటే 15 కిలోల పిల్లకి 3.3 మిల్లీలీటర్లే. ఒకే రోజు నాలుగు మూలలూ చేసేస్తామంటే ఈ లెక్క అడగండి. ఇంటికొచ్చాక రెండు మూడు గంటలు పెదవి తిమ్మిరిగానే ఉంటుంది, పిల్లలు అది నమిలేసుకుంటారు. మర్నాడు వాచిన పెదవిని చూసి ఇన్‌ఫెక్షన్ అనుకుని ఫోన్లు చేసేది దీనికే. తిమ్మిరి పోయేదాకా ఏమీ నమలనివ్వొద్దు.

నొప్పికి పారాసెటమాల్ కిలోకి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి. సీసా మీద బలం చదవండి: 15 కిలోల పిల్లకి 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములు ఉన్న సిరప్ అయితే నాలుగున్నర మిల్లీలీటర్లు, 125 ఉన్నదైతే 9. యాంటీబయాటిక్ పుచ్చును నయం చేయదు. ముఖం వాచినా, జ్వరం వచ్చినా దాని అవసరం ఉంటుంది, అప్పుడు కూడా పంటికి వైద్యం ఆగకూడదు. వాపు కంటి దాకా పాకినా, మింగడం కష్టమైనా క్లినిక్కు కాదు, ఆసుపత్రికే.

ఎనిమిది పళ్లు పుచ్చిన, కుర్చీలో అసలు కూర్చోని చిన్నపిల్లలకి మత్తులో అన్నీ ఒకేసారి చేయడం సరైన దారే. అది మత్తు డాక్టరున్న ఆసుపత్రిలో జరగాలి. పాలు, తేలికపాటి తిండి 6 గంటల ముందు, నీళ్లు 2 గంటల ముందు ఆపాలి. ఏడుస్తోందని ఆటోలో పాలసీసా పట్టించామంటే ఆ రోజు పని రద్దే.

ఖర్చు గురించి. ప్రైవేటులో ఒక పంటికి నరం వైద్యం, క్యాపు కలిపి వేలల్లోనే ఉంటుంది. చెప్పిన ధరలో ఎక్స్‌రేలు, క్యాపు, ఆరు నెలల తర్వాతి చూపు కలిసున్నాయో లేదో రాతలో అడగండి. బోర్డు మీద పేరు పక్కన ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ డిగ్రీ) ఒక్కటే చాలదు, పీడియాట్రిక్ డెంటిస్ట్రీలో, అంటే పిల్లల దంతవైద్యంలో ఎండీఎస్ కావాలి. చేతిలో డబ్బు తక్కువా సమయం ఎక్కువా ఉంటే డెంటల్ కాలేజీలు మంచి దారి: కోట ప్రాంతంలో విక్టోరియా ఆసుపత్రి ఆవరణలోని ప్రభుత్వ దంత కళాశాలకి కె.ఆర్. మార్కెట్ మెట్రో దగ్గర, జె.పి. నగర్‌లో ఆర్.వి. డెంటల్ కాలేజీ, వి.వి. పురంలో వొక్కలిగర సంఘ వాళ్లది. ఇలాంటి కాలేజీల్లో పీజీ విద్యార్థి చేస్తే పైన అధ్యాపకులు ప్రతి మెట్టూ చూసి సంతకం పెడతారు. ప్రైవేటులో గంటలో అయ్యే పనికి రెండు మూడు పూటలు పట్టొచ్చు, స్కూలు సెలవుల్లో పెట్టుకోవడం మేలు.

చేయించాక ఆరు నెలలకోసారి చూపించి, ఏడాదికో ఎక్స్‌రే తీయించాలి. నొప్పి లేకపోయినా వేర్ల మధ్య నల్లబడుతూ ఉంటే లోపల పని చెడినట్టే. రాత్రి పాలసీసా మానకపోతే పక్క పన్ను క్యూలో ఉంటుంది. పేస్టు ట్యూబు మీద ఫ్లోరైడ్ 1000 పీపీఎం ఉందో లేదో చూడండి. మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, ఆ తర్వాత బఠానీ గింజంత, తోమేది పెద్దవాళ్లే.

క్యాపు ఊడి చేతిలోకొస్తే కడిగి డబ్బాలో దాచి తీసుకెళ్లండి. వంగకుండా ఉంటే పన్ను శుభ్రం చేసి అదే మళ్లీ అతికించొచ్చు. అంగట్లో జిగురుతో ఇంట్లో అతికించొద్దు, నాలుగు రోజులు ఆగుదాంలే అనుకోవద్దు. తెరుచుకున్న సిమెంటు మీద లాలాజలం నిలిస్తే లోపలి పనంతా మొదటికొస్తుంది.